ఒక సముద్రం, రెండు గాలులు

మా నిత్యబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమి ప్రశ్న అడిగినా కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. "పద, చూసొద్దాం" అని లేచేవారు. ఎక్కడికో, ఏం చూడడానికో అడిగినవాడికే తెలిసేది కాదు. తాళ్లరేవు దగ్గర ఆయన ఆశ్రమానికి శాస్త్రం విందామని వచ్చి, ఆయన వెనక ఎండలో నడిచినవాళ్లు ఎందరో. అందులో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఇది విన్నమాట కాదమ్మా, చూసినమాట.

చైత్రమాసంలో ఒక ఉదయం వీరాచారి అనే శిష్యుడు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అతని తండ్రి ఈ తీరాన తెరచాప నావలు కట్టిన వడ్రంగి. నావల కాలం పోయాక ఆ చేతులు ఊరుకోలేదు. పాతకాలపు యుద్ధనౌకలను మూరెడు పొడవున చేసి, చెక్క సముద్రం మీద నిలబెట్టి, పోరాటం మొత్తం కళ్లకు కట్టేవాడు. పోయే ముందు కొడుకులిద్దరినీ పిలిచి, "మా తాత చెప్పిన ఓడల యుద్ధం ఒకటి మిగిలిపోయిందిరా. చెరో ఓడా చెయ్యండి. నా సంవత్సరీకానికి రెండూ ఒకే బల్ల మీద ఉండాలి" అన్నాడట. ఆయన పోయిన పదో రోజునే ఆయన ఉలుల పెట్టె నాదంటే నాదని అన్నదమ్ములు విడిపోయారు. ఏడాదిగా మాటల్లేవు. ఓడలు మాత్రం చేశారు, ఎవరింట్లో వారు.

"స్వామీ, ఎల్లుండే సంవత్సరీకం. ఓడలు రెండూ ఈ పొద్దున నాన్న పాకలోకి చేర్చాం. నాన్న మాట నిలబడుతుందో, ఆ బల్ల దగ్గరే మళ్లీ కొట్టుకుంటామో తెలీదు. పనికి కూర్చునే ముందు రోజూ నేనూ దండం పెట్టుకున్నాను, మా అన్నా పెట్టుకున్నాడు. నన్ను గెలిపించమని నేను, తనని గెలిపించమని అతను. దేవుడు ఎవరి పక్కన ఉంటాడు?"

"పద, చూసొద్దాం" అన్నారు స్వామివారు. ఒకప్పుడు నావలు నడిపిన ముసలి పోలయ్యని కూడా రమ్మన్నారు.

తూర్పూ పడమరా తెరిచి ఉన్న తాటాకు పాక అది. నడిమధ్య బల్ల. బల్లకి తూర్పున అన్న బ్రహ్మలింగం తన ఓడ వెనక నిలబడి ఉన్నాడు. తమ్ముడు పడమట తన ఓడ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా చెక్కి, రంగు వేసి, మెరుగు పెట్టిన సముద్రం. ఏం చెప్పమంటారు! గంజి పెట్టిన గుడ్డ తెరచాపలు, కుట్టు దారాలంత మోకులు, మిరియపు గింజంత ఫిరంగి నోళ్లు, వాటి ముందు దూదిపొగ. బియ్యపుగింజంత మనిషి ఒకడు పడిపోయిన ఇంకొకణ్ణి ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. 

పోలయ్య వంగి చూసి కిసుక్కున నవ్వాడు.

"ఏం పోలయ్యా?"

"ఓడలు బంగారమండి సామీ. కానీ ఈ సముద్రంలో గాలులు రెండున్నాయండి. బుద్ధెరిగాక నేనిలాంటి గాలి చూళ్లేదు."

అప్పుడు కనిపించింది మాకు. తెరచాపల యుద్ధంలో గాలి ఎవరి వెనక నుంచి వస్తే వాడిది పైచెయ్యి. పొగంతా ఎదుటివాడి కళ్లలోకే పోతుంది. అందుకని ఎవరికి వారు గాలిని తమ వీపు వెనకే పెట్టుకున్నారు. ఈ జెండా అటు, ఆ జెండా ఇటు. రెండు పొగలూ మధ్యలో పొట్టేళ్లలా ఢీకొన్నాయి. "గాలి ఎటునుంచి?" అని ఒకరినొకరు ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. ఆ ఒక్క మాటే ఏడాదిగా లేదు వాళ్లకి.

"పోలయ్య తాతా, గాలి నేల మీంచే వీచిందని నాన్న చెప్పాడు. అతనికి చెప్పు" అన్నాడు వీరాచారి.

"సముద్రం మీంచి అన్నాడు నాన్న. చెవులుంటే వినమను తాతా" అన్నాడు బ్రహ్మలింగం.

"నా మీంచి మాత్రం మీ మాటలు వీస్తున్నాయిరా" అన్నాడు పోలయ్య.

స్వామివారు ఒక అగరువత్తి వెలిగించి రెండు ఓడల మధ్య అలల సందులో గుచ్చారు. పొగ మెల్లగా తూర్పుకి వాలి అన్నగారి ఓడ మీదుగా పోయింది.

"చూశారా స్వామీ! గాలి నా వెనకే ఉంది!"

"కూర్చో నాయనా."

కూర్చున్నాం. వత్తి అయిపోతే ఇంకొకటి, అదీ అయిపోతే మరొకటి. పొద్దెక్కింది. ఒక దశలో పొగ ఎటూ వాలకుండా, వడ్రంగి గుండు కట్టి వేలాడదీసిన దారంలా నిటారుగా నిలిచింది. ఆ క్షణాన ఊపిరి తీసినా తప్పేనేమో అనిపించింది నాకు. తర్వాత మెల్లగా పడమటికి తిరిగి, తమ్ముడి ఓడ మీద వాలింది.

"సముద్రపు గాలి లేచిందండి" అన్నాడు పోలయ్య.

అందరం బ్రహ్మలింగం వైపు చూశాం. ఇప్పుడు మాట అతనిది.  పొగతో పాటు వత్తి కొస కూడా తమ్ముడి తెరచాప మీదికి వంగుతోందని అతను చూశాడు. చెయ్యి చాపి అరచెయ్యి అడ్డం పెట్టాడు. నిప్పుతో సహా బూడిద అందులోనే రాలింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

వీరాచారి ఆ అరచేతిని చూశాడు. తర్వాత చిన్న కత్తెర తీసి, మూడు నెలలు కూర్చుని కట్టిన తన ఓడ మోకుల్లో మొదటిదాన్ని పుటుక్కున తెంపాడు. రెండోది తెంపబోయాడు.

"ఒరేయ్, ఆగరా! తెరచాప కొయ్య పట్టుకోనీ, విరుగుద్ది" అన్నాడు అన్న.

మధ్యాహ్నం భోజనాల మాట ఎవరూ ఎత్తలేదు. తమ్ముడి తెరచాపల్ని సముద్రపు గాలికి తిప్పుతూ, ఒకడు పట్టుకుంటే ఒకడు ముడి వేశాడు. సాయంత్రానికి రెండు జెండాలూ ఒకే వైపు ఎగిరాయి. స్వామివారు లేచి పై కండువా దులుపుకున్నారు. వీరాచారి పంటి కింద దారం అలాగే ఉంచుకుని అడిగాడు:

"స్వామీ, ఎవరి పక్కన ఉంటాడో మీరు చెప్పనే లేదు."

"గాలిని చూసినవాడెవడు నాయనా? తెరచాపల్ని చూసి చెప్పుకోవడమే" అన్నారు స్వామివారు, పాక దాటుతూ. "ఇవాళ రెండు ఓడల తెరచాపలూ ఒకే వైపు నిండడం చూశాను. నాకు చాలు."