నూకరత్నం చెయ్యి ఆగిన చోటు

అనగనగా అంటే నిన్న కాదు, మొన్న కాదు. లారీలకు ముందు ముక్కు పొడుచుకొచ్చి ఉండే రోజులు. కరెంటు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు పడుకోండి. నాకూ ఓపిక తక్కువే. ఒక్కసారే చెబుతాను.

గోదారికి ఇవతల, పెద్ద రోడ్డు పక్కన ఒక షెడ్డు ఉండేది. అక్కడ బళ్ళకు రంగులేసేవారు, రంగు మాసిన బళ్ళకు మెరుగు పెట్టేవారు. ఆ షెడ్డులో నూకరత్నం అని ఒకావిడ పనిచేసేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నవల్లా రెండు చేతులు. పొద్దున్నే వచ్చి, పాత లుంగీ గుడ్డ మడతపెట్టి, పాలిష్ ముద్ద అద్ది, బండిని రుద్దేది. రుద్దేది, రుద్దేది, రుద్దుతూనే ఉండేది. సాయంత్రానికి బండి మెరిసేది, ఆవిడ మాసిపోయేది. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుందామంటే వేళ్ళు ముడుచుకునేవి కావు.

"ఎలా ఉన్నావే రత్నం?" అని ఎవరడిగినా ఒకటే మాట.

"అలిసిపోయానమ్మా. తెల్లారితే మళ్ళీ బండి."

ఇలా ఉండగా, షెడ్డు యజమాని గనిరాజు మేస్త్రి పట్నం నుంచి ఒక మిషను తెచ్చాడు. చూడ్డానికి ఆనపకాయంత ఉంటుంది. కింద ఉన్ని చక్రం. స్విచ్చి నొక్కితే గిర్రున తిరుగుతుంది. నలుగురు పొద్దస్తమానం రుద్దే బండిని ఒక్కడే మధ్యాహ్నానికి తేల్చేస్తాడు. మేస్త్రి అందరినీ పిలిచాడు.

"గుడ్డ పని దసరా ముందు వరకే. దసరాకి ఆయుధపూజ బళ్ళన్నీ మిషను మీదే. మిషను పట్టగలిగినోళ్ళు ఉండండి. పట్టలేనోళ్ళు..." అని ఆగి, రోడ్డు వైపు చూశాడు.

కుర్రాళ్ళు చూసింది మిషను వైపు. నూకరత్నం చూసింది రోడ్డు వైపు. ఆ వయసులో, ఆ భుజాలతో, ఆ రోడ్డు మీద పడితే ఆవిడకి గంజి పోసేవాళ్ళు లేరు.

"నేర్చుకుంటానండి," అంది.

"నేర్చుకో. కానీ నా షెడ్డుకొచ్చిన బండి మీద కాదు. రంగు మాడితే నా పేరు మాడిపోద్ది. ఎవరి బండైనా తెచ్చుకో. అమావాస్యనాడు మిషను ఖాళీగానే ఉంటది."

అమావాస్యనాడు షెడ్లకు సెలవు. ఆ రోజు పనిముట్టు ముట్టుకుంటే అరిష్టమని మేస్త్రీల నమ్మకం. గనిరాజైతే ఆ రోజు సుత్తి వంక కూడా చూసేవాడు కాదు. అందుకే అంత ఉదారంగా ఇచ్చాడు, పెద్ద దాతలే!

నూకరత్నం బండి కోసం బయలుదేరింది. బస్సు డ్రైవర్ని అడిగింది. "నేర్చుకోడానికి నా బండే దొరికిందా?" అన్నాడతను. రైసుమిల్లు జీపాయన్ని అడిగింది. "నేర్చుకోడానికి నా బండే దొరికిందా?" అన్నాడాయన. టాక్సీవాడి బండి అప్పటికే మూడుచోట్ల సొట్టలు పోయింది, వాడినీ అడిగింది. "నేర్చుకోడానికి నా బండే దొరికిందా?" అన్నాడు వాడూను.

అందరికీ నేర్చినవాళ్ళే కావాలి. నేర్చుకునేవాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. మరి నేర్చినవాళ్ళు చెట్లకు కాస్తారా?

ఇక మిగిలింది ఆఖరి బండి ఒక్కటే. ఆఖరి బండి అంటే తెలుసుగా, మనుషుల్ని శ్మశానానికి తీసుకెళ్ళే వ్యాను. నల్లరంగు బండి. ఎండకు ఎండి బూడిదరంగుకొచ్చింది. ఎదురొస్తే జనం మొహం తిప్పుకునేవారు గనక దాన్ని తుడిచినవాళ్ళు లేరు, తుడవమని అడిగినవాళ్ళు లేరు. దాన్ని యేసోబు నడిపేవాడు.

"తమ్ముడూ, నీ బండి మీద నేర్చుకోనిస్తావా?"

"తీసుకో అక్కా. నా బండెక్కినోళ్ళెవరూ ఇంతవరకూ బాగోలేదని అన్లేదు."

నూకరత్నం నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో ఆవిడకే తెలీదు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మొగుడు పోయినావిడ, అమావాస్య, శవాల బండి, మూడూ ఒక్కచోట చేరాయి, ఊరికేమవుతుందో అన్నారు. ఏమీ కాలేదు. ఊళ్ళకు అంత తేలిగ్గా ఏమీ కాదు.

మొదటి అమావాస్య వచ్చింది. నూకరత్నం చక్రానికి చారెడు ముద్ద పూసి, గాల్లోనే స్విచ్చి నొక్కింది. ముద్దంతా ఎగిరి ఆవిడ మొహాన, యేసోబు చొక్కా మీద, షెడ్డు గోడ మీద పడింది. మిషను ఆవిణ్ణి దూడ లాగినట్టు లాగింది. రోజంతా కుస్తీ పడితే ఇంత తెలిసింది. ముద్ద చిటికెడు చాలు. చక్రాన్ని ముందు రేకు మీద ఆనించాలి, ఆ తర్వాతే స్విచ్చి నొక్కాలి. వైరు భుజం మీదుగా వెయ్యాలి, కొంగు బిగించి దోపుకోవాలి.

"ఎలా ఉందక్కా?" అన్నాడు యేసోబు.

"అలిసిపోయాను తమ్ముడూ. తెల్లారితే మళ్ళీ బండి."

రెండో అమావాస్య వచ్చింది. ఈసారి ముందు రేకు అద్దంలా మెరిసింది. ఇద్దరూ సంబరపడి బండిని ఎండలోకి తెచ్చారు. తెచ్చి చూస్తే రేకు నిండా సాలెగూళ్ళలా గీతలు. నీడలో కనపడని తప్పులు ఎండలో కనపడ్డాయి. బండిని సరిగా కడగలేదు, ఇసుక నలుసులు చక్రంలో చిక్కుకున్నాయి. పైగా త్వరగా తెమలాలని బలంకొద్దీ నొక్కింది. మిషను బరువు మిషనుకు చాలు, మన బరువు వెయ్యక్కర్లేదు. అది తెలియడానికి ఒక పూట పట్టింది, ఆ గీతలు పోగొట్టేసరికి పొద్దు వాలింది.

"ఎలా ఉందక్కా?"

"అలిసిపోయాను తమ్ముడూ. తెల్లారితే మళ్ళీ బండి."

మూడో అమావాస్య పెద్దల అమావాస్య. అది దాటితే దసరా పదిరోజుల్లో ఉంది. ఊరంతా పోయినవాళ్ళ పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదులుతోంది, బియ్యం కూరలూ దానం ఇస్తోంది. నూకరత్నం మాత్రం షెడ్డులో ఉంది. బండంతా అయింది. గీత లేదు, మచ్చ లేదు. వెనక తలుపొక్కటే మిగిలింది. తలుపుకు అంచు ఉంటుంది చూడండి, రేకు మడత పడ్డ చోటు, అక్కడ రంగు పల్చన. షెడ్డులో గుడ్డ పనితో వారం రోజులుగా ఆవిడకి నడుం వాల్చే తీరిక లేదు. చెయ్యి మొద్దుబారింది. నిలబడి ఉండగానే కన్ను మూతపడింది.

చెయ్యి ఆగింది. మిషను ఆగలేదు.

మాడు వాసనకు ఉలిక్కిపడి మిషను ఎత్తింది. అంచు మీద నల్లరంగు పోయి, దాని కింద పూసిన ఎర్ర అస్తరు బయటపడింది. పెద్ద కుంకుమ బొట్టంత మచ్చ. నూకరత్నం కింద కూలబడి ఏడ్చింది. మాడ్చినవాళ్ళకి గనిరాజు షెడ్డులో చోటు లేదు.

"ఏడవకక్కా," అన్నాడు యేసోబు. "ఆవు కొమ్ము గీసుకుందని చెబుతాను. ఈ బండిని ఎవడు చూస్తాడు?"

"చూసేవాళ్ళు లేరు గనకే కదా తమ్ముడూ నువ్విచ్చావు. నేను కూడా చూడకపోతే ఎలాగ?"

మర్నాడు బండిని మేస్త్రి ముందుకు తెచ్చారు. గనిరాజు చుట్టూ తిరిగాడు. ఎండలో చూశాడు, వంగి చూశాడు, అరచెయ్యి వేసి చూశాడు. నల్లరేకులో తన మొహం తనకే కనపడి మీసం సవరించుకున్నాడు. వెనక్కొచ్చి ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"చెయ్యి అలిసిపోయిందండి. ఆగిపోయింది. మిషను ఆగలేదండి."

ఇక చూస్కోండి, మేస్త్రి నోరు లేచింది. కళ్ళెక్కడ పెట్టావన్నాడు, బుర్రెక్కడ పెట్టావన్నాడు, నిద్రొస్తే ఇంటికాడ చావమన్నాడు. నూకరత్నం తలొంచుకుని రోడ్డు వైపు రెండడుగులు వేసింది. అప్పుడు అరిచాడు.

"అలిసిపోతే ముందు మిషను ఎత్తు! ఆ తర్వాత అలిసిపో! ఎటెల్తున్నావ్? అక్కడ బస్సులు ఆగున్నాయి, పట్టు!"

విన్నారా? అలిసిపోవద్దని అనలేదు. కాసేపు కూర్చోమని అనలేదు. మిషను ఎత్తమన్నాడంతే. అయినా ఆవిడకి అది దేవుడిచ్చిన వరంలాగే వినపడింది. చోటు దక్కింది కదా, పాపం.

మచ్చ మీద రంగేస్తానంటే మేస్త్రే వద్దన్నాడు. "ఉండనీ. రేపు కొత్తోళ్ళకి చూపించడానికి పనికొస్తది."

ఆ ఏడు నుంచి ఎన్ని దసరాలు వచ్చాయో, ఎన్ని బళ్ళు మెరిశాయో! బస్సతనూ జీపాయనా టాక్సీవాడూ, ముగ్గురూ వరసలో నిలబడి "రత్నమ్మ చెయ్యే పడాలి" అన్నవాళ్ళే. కానీ సెలవు రోజైన అమావాస్యనాడు ఆవిడ ఆఖరి బండినే పట్టేది.

"ఈ ఒక్క పూటైనా పడుకో అక్కా," అనేవాడు యేసోబు.

"ఎంత బీదోళ్ళైనా ఒకసారి ఎక్కే బండి తమ్ముడూ. మాసిపోయినదాంట్లో పంపుతామా?"

మొహం తిప్పుకునే జనం మెల్లగా ఆ బండిని చూడటం మొదలుపెట్టారు. పోయినవాళ్ళను ఎక్కించి తలుపు వేశాక, ఆ నల్లరేకులో తమ ఏడుపు మొహం తామే చూసుకుని కొంగుతో తుడుచుకునేవారు.

మళ్ళీ ఒక పెద్దల అమావాస్య. మధ్యాహ్నం వేళ. యేసోబు టీ తేవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. నూకరత్నం బండి వెనక చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది.

"అక్కా," అన్నాడు. పలకలేదు. "అక్కా, టీ." పలకలేదు. "అక్కా!" పలకలేదు.

యేసోబు బండి వంక చూశాడు. ముందు రేకు సగం అయింది, సగం ఉంది. ఎక్కడా మాడలేదు. మిషను బల్ల మీద వెల్లకిలా పెట్టి ఉంది, ఉన్ని పైకి, దుమ్ము అంటకుండా గుడ్డ కప్పి. వైరు చుట్టచుట్టి ఉంది.

ముందు మిషను ఎత్తింది. ఆ తర్వాతే అలిసిపోయింది.

కబురందుకుని గనిరాజు వచ్చాడు. అమావాస్యనాడు సుత్తి వంక చూడని మనిషి, గుడ్డ తీసి, మిషను అందుకుని, మిగిలిన సగం రేకు తానే పూర్తిచేశాడు. ఎవరూ అరిష్టమనలేదు. ఆ బండిలోనే నూకరత్నాన్ని తీసుకెళ్ళారు.

ఆ బండి ఎప్పుడో ఇనుముకు పోయింది. వెనక తలుపు మాత్రం ఊడదీసి షెడ్డు గోడకు బిగించారు. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ చేత ముందు ఆ మచ్చ మీద చెయ్యి వేయిస్తారు. ఈమధ్య కొందరు అమ్మవారి బొట్టనుకుని దానికి అగరొత్తులు గుచ్చుతున్నారు. బొట్టూ కాదు, గిట్టూ కాదు నాయనా. ఒక మనిషి అలిసిపోయి చెయ్యి ఆగిన చోటు అది. దణ్ణం పెడితే అది తెలిసి పెట్టండి.

ఇప్పటికీ పెద్దల అమావాస్యనాడు ఆ రోడ్డు పక్క షెడ్లన్నీ మూసి ఉంటాయి. కొత్తవాళ్ళు మాత్రం మిషను తీసి, ఊరి ఆఖరి బండి మీద పని నేర్చుకుంటారు. పనయ్యాక మేస్త్రీలు తమ పెద్దలకు నీళ్ళొదిలి, పిల్లల్లేని ఆవిడ పేరు చెప్పి ఇంకో దోసెడు వదులుతారు. కత్తిపీట దగ్గరున్నా, పొయ్యి దగ్గరున్నా, స్టీరింగు దగ్గరున్నా, కునికేవాళ్ళను చూస్తే ఆ ఊరివాళ్ళు నూకరత్నానికి మేస్త్రి చెప్పిన మాటే అంటారు. ముందు ఎత్తు, ఆ తర్వాత అలిసిపో అని.

కథ కంచికెళ్తే వెళ్ళనీండి. నేనూ ఇదిగో, ఎత్తి పక్కన పెట్టేశాను. ఇక అలిసిపోతాను.