ఏమో అంటే కుదరదు

గురువుగారికిచ్చిన మాట ప్రకారం పన్నెండేళ్లు వేట మానేసిన జమీందారు పాపారాయనింగారు, గడువు తీరిన మర్నాడే తుపాకి తుడిపించి అడవికి బయల్దేరారు. వెనక పొగడడానికి చుట్టాలు, ముందు జాడలు చూడడానికి ముసలి అంకన్న.

అంకన్న పందిని చూపించాడు. దొరగారు పేల్చారు. పంది పొదలోకి దూరింది. ఆకుల మీద ఒక్క నెత్తురుచుక్కయినా లేదని అంకన్న చూడగానే కనిపెట్టాడు.

"తగిలింది! నా గురి ఎక్కడికి పోతుంది? వెళ్లి ఈడ్చుకురారా. ఉత్తచేతులతో వచ్చావో, అడవిలో నీ గుడిసె పీకిస్తాను," అన్నారు దొరగారు.

అంకన్నకు ఒళ్లు మండింది. ఆ గుడిసె వాడి తాత కట్టింది. తలపాగా సవరించుకుని చేతులు కట్టుకున్నాడు.

"తగిలే ఉంటుంది దొరా. కానీ దెబ్బతిన్న పంది ఉన్న పొదలోకి కొట్టినవాడే ముందు దిగాలని మీ తాతగారు పెట్టిన కట్టుబాటు. దయచేయండి, మీ వెనకే వస్తాను."

చుట్టాలంతా దొరగారి వంక చూశారు. దొరగారు పొద వంక చూశారు.

"తప్పిందేమోలేరా..."

"ఏమో అంటే కుదరదు దొరా. తగిలితే తమరు దిగాలి. తప్పితే నేను తేవడానికి పందే లేదు. తేల్చి చెప్పండి."

"తప్పింది!" అని అరిచారు దొరగారు. అడవంతా వినబడింది.

"అట్లాగైతే రేపు మా గుడిసె దగ్గరికి దయచేయండి," అన్నాడు అంకన్న. "అక్కడో చింతమొద్దుంది. చేయి మళ్లీ అలవాటయ్యేదాకా దాన్ని కొడుదురుగాని. అది ఎక్కడికీ పారిపోదు."