కార్పింతేరో చాలు

ఈ కథ మొదట చెప్పింది పులికాట్ రేవులో పడవలకు తారు పూసే పెంచలయ్య. ఆయన చెప్పింది చెప్పినట్టే ఇది.

తుపానుకు వడ్రంగిపిట్ట చెట్టు కూలింది. పెళ్లాం గుడ్లు పెట్టే వేళ, తొర్ర లేదు. స్పెయిన్ దేశపు కొంగలు సరస్సులో దీవికి వంతెన కట్టిస్తున్నాయనీ, పనికి కుదిరినవాడికి అక్కడ చెట్టు ఇస్తాయనీ విన్నాడు. వాటి భాష వచ్చింది నక్కబావకి ఒక్కడికే. కూలి చేపలే; తను పనికి కుదిర్చినవాడి చేపల్లో నక్కకి వాటా. పని పెద్దదైతే వాటా పెద్దది.

"నీ పనికి వాళ్ల మాట కార్పింతేరో, అంటే వడ్రంగి. ఆ మాటతో పోతే మూల నిలబెడతారు బావా. ఇన్హెన్యేరో అని చెబుతా, అంటే ఇంజనీరు. నీడలో కూర్చోబెడతారు" అన్నాడు నక్క.

చెట్టు మీద ఆశతో పిట్ట తలూపాడు.

నీడలోనే కూర్చోబెట్టారు. చెక్క మాత్రం ముట్టనివ్వలేదు. గట్టుకి మట్టి మెత్తుతున్న ఎండ్రకాయ మేస్త్రి, దొరగారికి ముక్కు దురద పెడుతున్నట్టుందే అని వెక్కిరించాడు. ఇంతలో పెద్ద కొంగ వచ్చి, వంతెన ఎన్ని గేదెల్ని మోస్తుందని అడిగింది. నోటికొచ్చింది చెప్పమని నక్క గిల్లాడు.

పిట్ట ఒళ్లు మండింది. "పుచ్చిన చెక్కేదో కొట్టి చెప్పగలను. బరువు లెక్క నాకు రాదు. చెట్టు పోతే పోయింది" అని, రొమ్ము తట్టుకుని "కార్పింతేరో" అన్నాడు.

కొంగ ముఖం విప్పారింది. తమ దేశంలో ఆ జాతి పిట్టని పిలిచేదే ఆ మాటతోనట. అక్కడికక్కడే పని ఇచ్చింది, చెట్టూ చూపించింది. మరి ఇన్హెన్యేరో ఎవరని అడిగింది. పెద్ద వాటా పోతుందని నక్కబావ తన రొమ్మే చరుచుకున్నాడు. ఎన్ని గేదెలైనా నడుస్తాయని కోశాడు.

పిట్ట ప్రతి చెక్కా కొట్టి చూశాడు. పుచ్చినవి పీకించి గట్టివి వేయించాడు. పని ముగిశాక కొంగ నక్కని పిలిచి, వంతెన కింద నిలబడమంది. మొదటి బరువు నడిచేటప్పుడు ఇన్హెన్యేరో కిందే ఉండాలి, అది వాళ్ల ఆచారం.

పైన గేదెల మంద కాలు పెట్టింది. చెక్కలు కిర్రుమన్నాయి. నక్కబావకి స్పానిష్ అంతా ఎగిరిపోయింది. "నేను ఇంజనీరుని కాదు నాయనోయ్, ఉత్త మాటలవాణ్ణి" అని తెలుగులో మొత్తుకుంటూ బురదలో పడి లేచి ఉరికాడు. వంతెన నిలిచింది. నక్కబావ నిలవలేదు.

చేతనైన పని పేరే చెప్పుకో, చేతకాని పేరు మోస్తే ఏదో ఒకరోజు దాని కింద నిలబడాలి.

తడలో కథలు చెప్పే వీరాస్వామి ఈ కథలో వంతెన కూలిందనీ, తప్పు పిట్టదేననీ ఊరూరా చెప్పాడు. కూలలేదు. చదువొచ్చినవాళ్లెవరైనా ఆ మాట దిద్ది రాయండి.