గట్ల అధికారి కొలువు

తుమ్మకోట రాజు అనంగభూపాలుడికి ఏదైనా పిచ్చి పట్టిందంటే, అది దిగేదాకా సభంతా మొయ్యాల్సిందే. ఆ ఏడు పట్టింది ప్రశ్నల పిచ్చి.

ఏటి గట్లను చూసే అధికారి ముసలితనం వల్ల తప్పుకున్నాడు. తొలకరికి పక్షం రోజులే ఉంది. ఏరు పొంగితే రెండు ఒడ్లా కలిపి నలభై ఊళ్లు మునుగుతాయి. గట్టు ఎక్కడ నిలబెట్టాలో, ఎక్కడ తెగ్గొట్టి నీళ్లు వదలాలో రెప్పపాటులో తేల్చే మనిషి కావాలి.

"ఈసారి సిఫారసులు చెల్లవు," అని ప్రకటించాడు రాజు. "నేనే రెండు ప్రశ్నలు అడుగుతాను. నువ్వు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏమిటి? నువ్వు చేసిన త్యాగం ఏమిటి? జవాబు నచ్చితే కొలువు."

ప్రశ్నలు వినగానే వచ్చినవాళ్లలో సగం మందికి ఇంటి దగ్గర పనులు గుర్తొచ్చాయి. మిగతావాళ్లు నీళ్లు నమిలి వెళ్లిపోయారు. చివరికి ఇద్దరే నిలబడ్డారు.

ఒకడు సూరపరాజు, రాణిగారి పినతండ్రి కొడుకు. రెండోవాడు నూకయ్య, ఇరవై ఏళ్లుగా గట్టు కాపలా కాస్తున్నవాడు. నిజానికి నూకయ్యకు అధికారం మీద ఆశ లేదు. కాని పోయినేడు సూరపరాజు వేటకొచ్చి, గాలి బాగుందని గట్టు మీదే గుడారం వేయించి, బారెడు మేకులు దిగ్గొట్టించాడు. ఆ కన్నాల్లోంచి నీళ్లు ఊరుతుంటే మూడు రోజులు బంకమట్టి మోసి పూడ్చింది నూకయ్యే. ఈయన చేతికి గట్లు వెళ్తే ఊళ్ల గతేమిటని తలపాగా చుట్టుకుని వచ్చేశాడు.

ముందు సూరపరాజు మీసం సవరించుకున్నాడు.

"ప్రభూ, నా బతుకే త్యాగాల పుట్ట. మా ఆవిడ మెడలో హారం గుడికి ఇచ్చేశాను. మా తమ్ముడి మామిడితోట సత్రానికి రాయించేశాను. మా అమ్మ కాశీకి తీసుకెళ్లమంటే, రాజ్యానికి నా అవసరం ఉందని ఆ ప్రయాణమే మాన్పించాను."

"మరి కష్టమైన నిర్ణయం?"

"వీటిలో ఏ త్యాగం ముందు చెయ్యాలన్నదే ప్రభూ!"

సభ ఆహా అంది. రాజు నూకయ్య వైపు తిరిగాడు.

నూకయ్య గొంతు సవరించుకున్నాడు. "మూడేళ్ల కిందట ఆశ్వయుజంలో ఏరు గట్టు అంచుదాకా వచ్చింది ప్రభూ. అధికారిగారు జ్వరంతో మంచం మీదున్నారు. ఎక్కడో ఒకచోట తెగ్గొట్టక తప్పదు. తూర్పున తెగ్గొడితే కుమ్మరిపేట గుడిసెలు కొట్టుకుపోతాయి. పడమర తెగ్గొడితే పిల్లనిచ్చిన మా మామ చేను. వరి పొట్ట మీదుంది, కంకులు వేసే వేళ."

"ఏం చేశావు?"

"పడమరే తెగ్గొట్టాను. చేను మళ్లీ వేసుకోవచ్చు, మనుషుల్ని వేసుకోలేం కదా ప్రభూ."

"శభాష్! అంటే పెద్ద త్యాగమే చేశావన్నమాట."

నూకయ్య తల అడ్డంగా ఊపాడు.

"లేదు ప్రభూ. చేను మా మామది, త్యాగం ఆయనది. నా వాటాకు వచ్చినవి తిట్లు."

రాజుకు నవ్వొచ్చింది. "మీ ఆవిడ ఏమంది?"

"ఏమీ అనలేదు ప్రభూ, అదే కదా భయం! ఆర్నెల్లు మాటల్లేవు. కూరలో ఉప్పుండేది కాదు. అడుగుదామంటే మాటల్లేవాయె!"

సభ ఘొల్లుమంది. నూకయ్య మాత్రం నవ్వలేదు.

"చేసింది సరైన పనే అనుకుంటాను. అయినా మా మామ ఎదురైతే ఈనాటికీ తలెత్తలేను," అన్నాడు మెల్లగా.

సభ సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో వెనక వరసలోంచి ఎవరో గుసగుసలాడారు: "అవునూ, హారం పెళ్లాంది, తోట తమ్ముడిది, కాశీ తల్లిది. మరి ఈయనగారు వదులుకున్నదేమిటి?"

సూరపరాజు చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ప్రభూ! తాను త్యాగం చెయ్యలేదని ఇతను తన నోటితోనే ఒప్పుకున్నాడు! నేనలా కాదు. ఈ రాజ్యం కోసం నాకు ప్రాణం కంటే ఇష్టమైనదాన్ని కూడా ఈ క్షణాన, ఈ సభలోనే వదిలేస్తాను. ఇది నా మాట!"

రాజు ఇరుకున పడ్డాడు. తాను అడిగింది త్యాగమే మరి. పైగా తెర వెనక రాణిగారు కూచుని ఉన్నారు.

నూకయ్య చేతులు జోడించాడు. "ప్రభూ, దొరగారి మాట విని నా ఒళ్లు పులకరించింది. ఒక్క సందేహం, అడగనిస్తారా?"

"అడుగు."

"సూరపరాజు దొరగారూ, ప్రస్తుతం తమరికి ప్రాణం కంటే ఇష్టమైనది ఏది?"

వరం నడిచొచ్చిందనుకున్నాడు సూరపరాజు. ఛాతీ విరిచి, సభంతా వినబడేలా అన్నాడు: "ఇంకేముంటుంది? గట్ల అధికారినై ప్రభువుల సేవ చేసుకోవడమే!"

నూకయ్య నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"అయితే దాన్నే వదిలెయ్యండి దొరా! రాజ్యానికి ఇంతకు మించిన త్యాగం ఉండదు."

ముందుగా తెర వెనక నుంచి రాణిగారి నవ్వు కిలకిలా వినబడింది. ఆ తరువాత సభంతా పగలబడి నవ్వింది.

రాజు కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "బావమరిదీ, నీ త్యాగాన్ని మనసారా స్వీకరించాం!"

భుజం మీది పట్టుశాలువా తీసి నూకయ్యకు కప్పి, గట్ల అధికారి ముద్ర అతని చేతిలో పెట్టాడు. సభ చప్పట్లతో మోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టక తప్పింది కాదు, పాపం, ఆ త్యాగమూర్తికి.