మందు పొయ్యని చెరువు

కైకలూరు దగ్గర అమ్మిరాజు అనే రొయ్యల రైతు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, చెయ్యి ఊరుకునేది కాదు. చెరువులో నీళ్ళు కాస్త రంగు మారితే మందు పోసేవాడు. రొయ్య నీరసంగా కదిలితే మందు పోసేవాడు. పక్క చెరువువాళ్ళు పోశారని తెలిస్తే, తన చెరువు నిక్షేపంలా ఉన్నా సరే, తనూ పోసేవాడు. "నీళ్ళలో పురుగన్నది బతక్కూడదు" అనేవాడు. పురుగంటే ఆయన లెక్కలో కంటికి కనబడని సూక్ష్మజీవులన్నీనూ!

ఆయనకి రెండు చెరువులు. ఆ ఏడు ఎండలు ముదిరాక మొదటి చెరువులో రొయ్యలు మేత మానేశాయి. అమ్మిరాజు మందు పోశాడు. మర్నాడు రొయ్యలు చలాకీగా తిరిగాయి. "చూశావా!" అని భార్య మంగతాయారు ముందు మీసం దువ్వాడు. వారం తిరక్కుండానే చచ్చిన రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చాయి. మళ్ళీ పోశాడు. మళ్ళీ చచ్చాయి. చివరికి ఆ చెరువులో నీళ్ళు తప్ప ఒక్క రొయ్య మిగల్లేదు.

ఇక మిగిలింది రెండో చెరువు. అదీ పోతే ఉన్నది అమ్ముకుని ఇంకొకరి గట్టు మీద కాపలాకి వెళ్ళాల్సిందే. సరిగ్గా అప్పుడే అందులోనూ రొయ్యలు మేత వదిలేశాయి.  అమ్మిరాజు పరుగున వెళ్ళి మందు డబ్బా ఎత్తాడు.

"ఆగండి బాబూ! హిమజని రానివ్వండి" అంటూ మంగతాయారు డబ్బా పట్టుకుని లాగేసింది.

హిమజ అమ్మిరాజు చెల్లెలి కూతురు. రొయ్యల జబ్బుల మీద, వాటిని తెచ్చే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది. ఆ అమ్మాయి వచ్చి రెండు చెరువుల నీళ్ళూ సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేసింది.

"మామయ్యా, నువ్వు మళ్ళీ మళ్ళీ మందు పోసిన మొదటి చెరువులోనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంది" అంది.

"అదెలా? చంపడానికేగా పోసింది!"

"చచ్చింది. దాంతోపాటు మంచి బ్యాక్టీరియా కూడా చచ్చింది. మంచిది మెల్లిగా పెరుగుతుంది. చెడ్డదానికి తొందరెక్కువ. ఖాళీ బస్సు వచ్చి ఆగితే ఏమవుతుంది? ముందు కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడిదేగా సీటు! నీళ్ళలో మంచిది నిండుగా ఉంటే చెడ్డదానికి చోటూ దొరకదు, తిండీ దొరకదు. పరిశోధనల్లో తేలుతున్నది ఇదే."

అమ్మిరాజు నోరు వెళ్ళబెట్టాడు. "అయితే మొదటి చెరువుని నేనే..." అన్నాడు.

"అయిందేదో అయింది. దీన్ని చూద్దాం. మేత తగ్గించు. గాలి కొట్టే మర ఆపకు. తవుడూ బెల్లం నానబెట్టి, నేనిచ్చే మంచి బ్యాక్టీరియా పొడి కలిపి, పులిశాక చల్లండి. ఆ డబ్బా మాత్రం ముట్టుకోకు!"

మంగతాయారు డ్రమ్ములో తవుడు పులియబెట్టింది. ఇద్దరూ చెరువంతా చల్లారు. మర్నాడు చూస్తే ఇంకా కొన్ని రొయ్యలు చచ్చి తేలాయి. గట్టు మీద పోయేవాళ్ళు ఊరుకుంటారా? "బెల్లం పెడుతున్నావా అమ్మిరాజూ? రొయ్యలకి పెళ్ళి భోజనమా ఏం?" అని ఎకసెక్కాలాడారు. పాపం, అమ్మిరాజుకి ఒళ్ళు మండిపోయింది, భయమూ వేసింది. వెళ్ళి డబ్బా మూత తిప్పాడు కూడా. అంతలో ఖాళీ అయిపోయిన ఆ చెరువు కళ్ళముందు మెదిలింది. మూత బిగించేసి, చేతులు కట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని ఆయనకి ఆ రోజే తెలిసింది.

కొన్నాళ్ళు అలాగే బిక్కుబిక్కుమంటూ గడిచాయి. ఒక ఉదయం, రొయ్యలు ఎంత తిన్నాయో చూద్దామని నీళ్ళలోంచి మేత పళ్ళెం పైకి లాగాడు. పళ్ళెంలో పలుకు మిగల్లేదు! నాలుగు రొయ్యలు టపటపా ఎగిరి ఆయన మొహాన నీళ్ళు చిమ్మాయి.

"తాయారూ! తిన్నాయే! మొత్తం ఊడ్చేశాయే!" అని కేకలు పెడుతూ గట్టంతా పరిగెత్తాడు.

"అమ్మయ్య!" అంటూ మంగతాయారు ఉన్నచోటే చతికిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో ఆ పూట అందరూ కడుపునిండా అన్నం తిన్నారు. పంట చేతికొచ్చింది. చెరువు వాళ్ళదిగానే నిలిచింది.

హిమజ ఫోన్ చేసి, "నేను చెప్పింది కాక ఇంకేం చేశావు మామయ్యా, చెరువు అంత బాగా కోలుకుంది?" అని అడిగింది.

"నీ పుణ్యమా అని, ఏమీ చెయ్యలేదమ్మా!" అన్నాడు అమ్మిరాజు.

అందుకే, కనబడని శత్రువుని చంపాలన్న కంగారులో కనబడని మిత్రుణ్ణి చంపుకోకూడదు.