తోక మార్చిన మందు

"ఓరి దేవుడా! నా మెడను ఎవరో వెనక్కి తిప్పుతున్నరు!"

వీధి చివర కేక వినపడింది. మిట్టమధ్యాహ్నం. మూతపడిన తన కల్లు దుకాణం అరుగు మీంచి రాజలింగం తొంగి చూశాడు. దర్జీ పోశెట్టి తన నీడతో మాట్లాడుతూ వస్తున్నాడు. వెనక ఇంకో నలుగురు. అందరి మెడలూ ఒకే వైపు మెలిపడి ఉన్నాయి.

ఈ రాజలింగం కోనాపురంలో కల్లు అమ్ముతూ, చట్టం కళ్లు కప్పడంలో తనంత మొనగాడు లేడని మురిసిపోతూ ఉండేవాడు. కల్లులో మత్తుమందు కలిపేవాడు. ఆ మందును నిషేధిస్తే, దాన్నే పట్నంలో రవ్వంత మార్పించి, కొత్త పేరుతో తెచ్చుకున్నాడు.

మూడు రోజుల కిందటే ఇన్‌స్పెక్టర్ సుగుణ వచ్చి దుకాణానికి సీలు వేసింది.

"నిషేధించిన మందుల పట్టికలో దీని పేరు చూపించుండ్రి మేడం, నడుసుకుంట జైలుకొస్త!" అన్నాడు రాజలింగం.

"పేరొక్కటే కాదయ్యా. ఈ సీమ చట్టంలో పట్టిక కింద ఇంకో మాట ఉంది. నిషేధించిన మందును పోలిన కూర్పు ఉండి, ఒంట్లో అదే పని చేస్తే, పేరేదైనా అది ఆ మందే."

"మా తమ్ముడు నన్ను పోలే ఉంటడు. వాడు నేనైతడా?" అని పకపకా నవ్వాడు.

తన ఇంటికి మాత్రం ఏమీ కలపని కుండ పంపేవాడు. ఆ ధీమాతోనే ఇప్పుడు ఇంట్లోకి వెళ్లాడు. తల్లి నర్సవ్వ గోడవైపు కూర్చుని ఉంది. ఆమె మెడా అటే మెలిపడి ఉంది.

"అవ్వా!"

"ఎవరు బిడ్డా నువ్వు? నా కొడుకు మొఖం పెట్టుకొని వచ్చినవు" అంది నర్సవ్వ.

రోజూ పొద్దున్నే దుకాణంలోని మొదటి కుండ తీసుకుని, ఎల్లమ్మ తల్లికి నేల మీద సాక పోసి, మిగిలింది ప్రసాదమని నర్సవ్వ తాగేది. అది రాజలింగానికి అప్పుడు గుర్తొచ్చింది!

నర్సవ్వనూ మిగతావాళ్లనూ చేర్చిన ఆస్పత్రిలో డాక్టరు, "అలవాటైన కల్లు ఒక్కసారిగా ఆగిపోయి వచ్చిన జబ్బు ఇది. ఏం కలిపావో చెప్పు. తెలియకుండా వైద్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు.

పక్కనే సుగుణ నిలబడి ఉంది. రాజలింగం తల్లి వైపు చూశాడు.

"పాత మందే సారూ. తోక జర మార్పించిన, అంతే."

"అయితే పాతదానికి చేసే వైద్యమే దీనికీ" అన్నాడు డాక్టరు. సుగుణ ఆ ఇద్దరి మాటలూ కాగితం మీద రాసుకుంది.

నాలుగో రోజుకు మెడలు నిలబడ్డాయి. ఆస్పత్రి వరండాలో విస్తళ్లు వేశారు. జైలుకు పోయేముందు రాజలింగాన్ని తల్లి దగ్గరకు తీసుకొచ్చారు. నర్సవ్వ అతన్ని సూటిగా చూసింది.

"వీడు నా కొడుకే. కూసోరా, తిని పో. మేడం, మీరు సుత కూసోండ్రి."

పోశెట్టి గుర్రుగా చూశాడు. అయినా జరిగి చోటిచ్చాడు. అందరూ కలిసి పచ్చిపులుసు అన్నానికి కూర్చున్నారు.

నీతి: పేరు మార్చినంత మాత్రాన విషం మారదు, దాన్ని పోసినవాడి తప్పూ మారదు.