ఉప్పునీళ్ళు తాగని కప్పు

అనగనగా ఉప్పుటేటి ఒడ్డున ఒక ఊళ్ళో, తుఫాను షెల్టరు కట్టిన ఏడాది, ఏప్రిల్ నెలలో, లోవరాజు మేస్త్రీకి అన్యాయం జరిగింది. పేరూ నెలా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సినచోట ఎవరూ చెప్పలేదు. ఆ షెల్టరు గుమ్మం పక్కన నున్నటి రాయి మీద పదకొండు పేర్లు చెక్కించారు. అందులో ఒక్కడూ ఇటుక మోసినవాడు కాదు. లోవరాజు పేరు లేదు.

లోవరాజు తాపీ మేస్త్రీ. ఆయనకో మనవరాలు, పేరు నూకరత్నం, ఎనిమిదేళ్ళది. వాళ్ళమ్మ పొద్దున్నే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతే, పిల్ల తాత వెనకాలే ఉండేది. తాతే చద్దన్నం కలిపేవాడు, తాతే జడ వేసేవాడు. సున్నానికి పగిలిన వేళ్ళతో, గోడకి తూకం గుండు వేలాడదీసి చూసినంత తిన్నగా పాపిడి తీసేవాడు. ఊళ్ళో ఏ తల్లీ అంత తిన్నగా తియ్యలేదు.

ఆ షెల్టరు పని భాస్కరం అనే కంట్రాక్టరుకి వచ్చింది. భాస్కరం దాన్ని లోవరాజుకి అప్పజెప్పాడు. గోడలు లేచాయి. ఆ తర్వాత ఏప్రిల్ తొమ్మిదిన కప్పు పోశారు. ఆ రోజు ఇంజనీరు ఎదురుగా నుంచున్నాడు గనక, సిమెంటు కలపడానికి మంచినీళ్ళు బళ్ళ మీద వచ్చాయి.

అప్పుడు ఇంజనీరు జీపు వెళ్ళిపోయింది. దాని వెనకాలే మంచినీళ్ళ బళ్ళూ వెళ్ళిపోయాయి.

కప్పు పోసిన మర్నాడు ఏం చేస్తారో తెలుసా బుజ్జీ? దాని మీద మెత్తటి మట్టితో చిన్న చిన్న మళ్ళు కడతారు, వరి మళ్ళలాగా. వాటి నిండా నీళ్ళు పెడతారు. ఇరవై ఒక్క రోజులు ఆ మళ్ళు ఎండకూడదు. అలా తాగీ తాగీ కప్పు గట్టిపడుతుంది. పైన నీళ్ళున్నన్నాళ్ళూ కింద కప్పుని మోసే పోటుకర్రలు ముట్టుకోకూడదని పనివాళ్ళలో కట్టు. ఎంత కూలిచ్చినా ముట్టుకోరు.

భాస్కరానికేమో ఆ కర్రలు పక్క ఊళ్ళో కావాలి. అక్కడా ఇలాంటి షెల్టరే కడుతున్నాడు. అందుకని పది రోజులు చాలన్నాడు. మంచినీళ్ళ బావి మైలు దూరముంది, ఉప్పుటేరు పక్కనే ఉంది, ఆ నీళ్ళే తోడి పొయ్యమన్నాడు.

లోవరాజు తాపీ కింద పెట్టాడు. "ఉప్పునీళ్ళు లోపల ఇనుముని తినేత్తాయండి. నేను పొయ్యను," అన్నాడు.

అప్పుడు భాస్కరం ఆయన్ని పనిలోంచి తీసేశాడు. తీసేసి ఊరుకున్నాడా? ముసలాడికి చెయ్యి వణుకుతోంది, చూపు ఆనడం లేదు, గోడలన్నీ వంకర కట్టాడు అని టీకొట్టు దగ్గర నుంచుని చాటాడు. నలభై ఏళ్ళు గోడలు నిలబెట్టిన మనిషిని పట్టుకుని వంకరన్నాడు. విన్నవాళ్ళు ఏం చేశారు? టీ తాగారు.

నూకరత్నం మాత్రం రాయి తీసింది. తాత ఆ రాయి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పునాదికి పనికొత్తాదే, ఆడి మీద దండగ," అని మొలలో దోపుకున్నాడు.

ఆ తర్వాత ఇంటికెళ్ళి కావడి దించాడు. అటు బిందె, ఇటు బిందె. వెనకాల చెంబుతో మనవరాలు. మైలు దూరం నుంచి మంచినీళ్ళు తెచ్చి మళ్ళు నింపాడు. మర్నాడూ తెచ్చాడు. అడిగేవాడు లేడు, కూలిచ్చేవాడూ లేడు.

భాస్కరం మొదటిసారి కబురు పంపాడు, కప్పెక్కితే కాళ్ళు విరగ్గొడతానని. కాళ్ళు విరిగేలోపల ఇంకో కావడి తెస్తానని తాత తిరుగు కబురు పంపాడు.

అప్పుడు భాస్కరం రెండోసారి మళ్ళ గట్లు తెగ్గొట్టించాడు. నీళ్ళన్నీ కారిపోయాయి. తాతా మనవరాలూ మట్టి తొక్కి, ఎండెక్కేలోపల గట్లన్నీ మళ్ళీ వేశారు.

ఆ తర్వాత మూడోసారి నిచ్చెన పట్టుకుపోయాడు. కప్పు పైన, నీళ్ళు కింద. లోవరాజు బిందె పక్కన కూలబడ్డాడు. తాత అలా కూర్చోవడం నూకరత్నం ఎప్పుడూ చూడలేదు. పనిలోంచి తీసేసినప్పుడు కూడా కూర్చోలేదు ఆయన.

ఆ పిల్ల తిన్నగా బావి దగ్గరికి పరిగెత్తింది. అక్కడ సూరమ్మ, ఆవిడతో ఓ ముప్పైమంది ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. మా తాతకి సాయం చెయ్యండని ఏడ్చి అడుగుతుందనుకున్నావా? అడగలేదు.

"తుపాను వత్తే ఆ కప్పు కింద భాస్కరం పడుకోడత్తా," అంది సూరమ్మతో. "నీ పిల్లలు పడుకుంటారు."

సూరమ్మ చేద వదిలేసింది. "ఏం నోరే నీది, మీ తాత తాపీ కంటే పదును," అంది. అని బిందె చంకనెత్తుకుంది. కల్లుగీసేవాళ్ళ పెరట్లోంచి నిచ్చెన వచ్చింది. ముప్పై బిందెలు చేతులు మారుతూ కప్పెక్కాయి. భాస్కరం దూరంగా నుంచుని చూశాడు. ముప్పైమంది ఆడవాళ్ళని ఏమనగలడు?

అలా ఇరవై ఒక్క రోజులు నిండాయి. ఆ సాయంత్రం తాత గట్టు తెగ్గొట్టి, నీళ్ళు తూములోంచి వదిలాడు. తూము పక్కన తన చేత్తో ఒక దోసెడు సిమెంటు మెత్తాడు. తడి ఆరకముందే మేకుతో తేదీ వేశాడు. ఆయనకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మేకు మనవరాలి చేతికిచ్చి, "నీ పేరు రాయవే. నువ్వు లేపోతే ఈ కప్పు లేదు," అన్నాడు.

పిల్ల వంగి, నాలిక బయటపెట్టి, చాలాసేపు రాసింది. రాశావా అన్నాడు. రాశానంది. తాత ఆ అక్షరాల మీద వేలు ఆనించకుండా తిప్పి, ఎంత ముచ్చటగా ఉందో నీ పేరు అని మురిసిపోయాడు.

భాస్కరం కంట పడ్డాక ఉండనిస్తాడా? దాని మీద సిమెంటు పూయించేశాడు, అదీ ఉప్పుటేటి నీళ్ళతో కలిపించి. నూకరత్నం ఏడిస్తే తాత నవ్వాడు. "ఉప్పునీళ్ళ సిమెంటే అది. ఊడొత్తాది, నువ్వు చూద్దువుగాని," అన్నాడు.

చూడ్డానికి ఆయన ఉండలేదు. పదిహేనేళ్ళకి పెద్ద తుఫాను వచ్చింది. అప్పటికి నూకరత్నం చంకలో బిడ్డ. ఊరంతా ఆ కప్పు కింద చేరింది. ఇంతలో పక్క ఊరివాళ్ళు కూడా తడుస్తూ వచ్చిపడ్డారు. వాళ్ళ షెల్టరు కప్పు పెచ్చులు రాలి, తుప్పు ఇనుము బయటపడి, గాలికి ముందే ఒరిగిపోయిందట. మనుషులు తప్పించుకున్నారు, అదే పదివేలు. ఇక్కడ మాత్రం ఒక్క చుక్క కారలేదు. చంటిపిల్లలు నిద్రపోయారు.

గాలి తగ్గాక నూకరత్నం కప్పెక్కింది. తూము పక్కన భాస్కరం పూయించిన సిమెంటు అట్టలా ఊడి పడి ఉంది. దాని కింద మేకుతో గీసిన వంకర అక్షరాలు, ఎనిమిదేళ్ళ పిల్లవి. తాత రాయమన్న పేరు కాదది. ఆ పిల్ల అబద్ధం ఆడింది, ఆడినందుకు ఇప్పటిదాకా ఒక్కనాడూ సిగ్గుపడలేదు. 'లోవరాజు మేస్త్రీ కట్టాడు' అని ఉంది.

ఉప్పు సిమెంటు ఊడిపడె,
తాత పేరు బయటపడె,
కంచి దారి కథ పట్టె,
చిట్టి కంటికి కునుకు పట్టె.

పడుకో బుజ్జీ. గుమ్మం దగ్గర రాయి మీద పదకొండు పేర్లూ మర్చిపోయినా ఫర్వాలేదు. తూము పక్కన ఆ పేరు కింద తాత వేసిన అంకెలు మర్చిపోకు: 30-4-1981.